పెళ్లికి ముందు చర్మం: ఇంట్లో శ్రద్ధా, క్లినిక్‌లో పీలా?

సమయం: చర్మం పై పొర కొత్తగా మారడానికే సుమారు 4 వారాలు పడుతుంది. కాబట్టి ఇంటి శ్రద్ధకు 2, 3 నెలలు ఇవ్వండి. పీల్ అంటే చర్మం పై పొరను రసాయనంతో పొట్టులా రాలగొట్టే చికిత్స. పీల్‌తో మెరుపు త్వరగా వస్తుంది కానీ, మచ్చలు తగ్గాలంటే ఒక్కసారి సరిపోదు.

ఖర్చు: ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ చాలు. పీల్‌కు ప్రతిసారీ ఫీజు.

శ్రమ: ఇంట్లో రోజూ ఓపిక కావాలి. పీల్ తర్వాత ఎండ నుంచి గట్టి జాగ్రత్త.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పీల్ చేయించుకున్నాక కొన్ని రోజులు ముక్కు పక్కన, పెదవుల చివర సన్నటి పొట్టు లేస్తుంది. ఫౌండేషన్ ఆ అంచుల్లోనే పట్టుకుని తెల్లగా తేలుతుంది. చామనచాయ, నలుపు రంగు వాళ్లకు కొత్త మచ్చలు పడే ప్రమాదమూ ఉంది. ఇంట్లోనూ కొత్త క్రీమ్‌ను ముందు చెవి వెనక రాసి చూడాలి.

మొండి మొటిమలు, పాత మచ్చలుండి, చేతిలో 3 నెలలకు పైగా ఉంటే డాక్టర్‌ను కలిసి పీల్ గురించి అడగండి. నెలలోపే పెళ్లా? దయచేసి కొత్త ప్రయోగాలేవీ వద్దు. అలవాటైన క్రీములే వాడండి, కంటినిండా నిద్రపోండి.