సెల్లార్‌కి మెట్లు: ఇంట్లోంచా, బయటినుంచా?

తిరుపతిలో పాత ఇల్లు బేరమాడుతున్నారా? సెల్లార్‌కి బయటి మెట్లే ఉంటే, లోపలినుంచి పెట్టించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. వానలో తడవక్కర్లేదు, రాత్రిపూట గేటు తియ్యక్కర్లేదు.

కానీ చోటు లెక్క చూడండి. 10 అడుగుల ఎత్తుకి, 7 అంగుళాల చొప్పున 17 మెట్లు. ఒక్కో మెట్టు మీద అడుగు పెట్టే చోటు 10 అంగుళాలైతే, మొత్తం పొడవే 13 అడుగులు దాటుతుంది. మధ్యలో తిప్పితే పొడవు తగ్గినా రెట్టింపు వెడల్పు కావాలి. హాల్లో ఒక పక్క పోయినట్టే. పైగా స్లాబు కొయ్యాలంటే లోపలి కమ్మీలు తెగుతాయి. ముందు కింద జాకీలు పెట్టి, రంధ్రం చుట్టూ దూలాలు వెయ్యాలి. స్లాబు బరువు గోడలే మోస్తున్న ఇల్లయితే స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

బయటి మెట్లతో ఈ టెన్షన్ లేదు, ఖర్చూ తక్కువే. దీని శత్రువు నీళ్లు. 2021 నవంబరు వరదల్లో ఊళ్లో ఎన్నో సెల్లార్లు మునిగాయి. పైమెట్టు దగ్గర ఎత్తైన గట్టు, మీద రేకులు, అడుగున వాననీళ్లు చేరే సంపు, వాటిని తోడే మోటారు తప్పనిసరి.

సామాన్లకైతే బయటి మెట్లు చాలు. పిల్లల గదికైతే, ఇంజనీరు సరేనంటే, లోపలి మెట్లే పెట్టించండి.