నల్లగొండల ఒక్క రోజుంటే పానగల్లా, సాగరా?

అరేయ్, నల్లగొండల పెండ్లికొచ్చి, పెండ్లి తెల్లారి ఒక్క రోజు ఖాళీ ఉంటది, నాగార్జునసాగర్ పొయ్యొస్త అంటివి గదా, జర ఆగు. నేను నాలుగేండ్లు నల్లగొండ రామగిరిల కిరాయికున్న, వచ్చిన ప్రతి చుట్టాన్ని ముందు సాగరే తోల్కపోయిన, ఆఖరికి నాకర్థమైందేందంటే ఒక్క రోజే ఉన్నోనికి టౌన్ పక్కనే పాత గుళ్లున్న పానగల్లే నయం. ఎందుకో జెప్త, విన్నంక నీ ఇష్టం.

ముందు సాగర్ సంగతే చూద్దాం. నల్లగొండ నుంచి అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటది, బస్సుల పోతే రానుపోను సగం రోజు దారికే పోతది. డ్యామ్ గొప్పదా అంటే గొప్పదే, కాదనేటోడెవడు, 1955 డిసెంబర్ల నెహ్రూ పునాదిరాయేసిండు, అంత పెద్దది రాయితోటి కట్టిండ్రు, 26 గేట్లు, అవన్నీ ఎత్తిన రోజు పోయినవనుకో పక్కోడు మాట్లాడింది ఇనబడది, దూరంగ నిలబడ్డా తుంపర వచ్చి చొక్కా తడుస్తది, అది జన్మల ఒక్కసారన్న చూడాలె. కానీ ఆ భాగ్యం ఏడాదిల కొన్ని రోజులే. పైన శ్రీశైలం నిండి గేట్లెత్తాలె, ఆ నీళ్లు ఇక్కడికొచ్చి మట్టం 590 అడుగుల కాడికి చేరాలె, అప్పుడు గని వీళ్లు ఎత్తరు, ఎక్కువగ ఆగస్టు సెప్టెంబర్లల్ల. కొన్నేండ్లయితే అసలెత్తనే ఎత్తరు. గేట్లు మూసి ఉన్నప్పుడు పోతివా, ఓ పెద్ద గోడ చూసొచ్చినట్టే.

నా కథ విను. ఓసారి మే నెలల మా అక్క పిల్లలొచ్చిండ్రు, నాగార్జునకొండ చూపిస్తనని లాంచీ కాడికి తోల్కపోతే ఆ రోజు శుక్రారం, మ్యూజియంకు సెలవు. ఎవ్వర్ని అడగకుండ బయలెల్లిన, తప్పు నాదే. ఎండకు రాళ్లు సెగలు గక్కుతున్నయ్, చిన్నోడేమో మామా గేట్లెప్పుడు తెరుస్తరు మామా అని ఒక్కటే నస, చివరికి బండి కాడ వేడి వేడి చేపల ఫ్రై తినిపించి నోరు మూయించిన. అది మాత్రం మస్తుండె.

ఇంకోటేందంటే సాగర్ అంటే డ్యామొక్కటే గాదు. మునిగిపోయే లోయల 1954 నుంచి తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలన్నీ నాగార్జునకొండ గుట్ట మీదికి తెచ్చి పెట్టిండ్రు, ఆ గుట్టే ఇప్పుడు దీవి, దానికి లాంచీల పోవాలె. 2022ల తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ పార్కు 274 ఎకరాలు, దానికే ఓ పూట. ఇంక ఎత్తిపోతల జలపాతం. ఇవన్నీ ఒక్క రోజుల చూస్తనంటే ఒక్కటి కూడ సరిగ చూడవ్. పైగా నువ్వుండేది పాలమూరుల, కల్వకుర్తి దాటి కొండమల్లేపల్లి కాడికొస్తే నల్లగొండ పోకుండ అటే సాగర్ దిక్కు తిరగొచ్చు, అట్లాంటప్పుడు నల్లగొండ దాకా వచ్చి మళ్ల కిందికి పోవుడు దేనికి? ఓ శనారం పొద్దుగాల ఇంటి కాడికెళ్లి సీదా పో, రాత్రికి అక్కడనే ఉండు.

ఇప్పుడు పానగల్లు. టౌన్ నుంచి నాలుగు కిలోమీటర్లు గూడ లేదు. కందూరు చోళుల కాలంల రాజధాని అది, ఇప్పుడు ఊరి లెక్కనే ఉంటది. అక్కడ సోమేశ్వరాలు రెండున్నయ్, పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం, ఇది గట్టిగ గుర్తుంచుకో. ఆటోడు సోమేశ్వరం అనంగనే పచ్చల కాడ దించి పోతడు, మా బాబాయి అట్లనే దిగి, ఛాయా గుడిల ఉండే జరగని నీడ కోసం గంటసేపు నీడ ఏది నీడ ఏది అని ఎతికిండు. మాట్లాడేటప్పుడే రెండు గుళ్లు, చెరువు, ఆగుడు, వాపసు వచ్చుడు అన్నీ కలిపి ఒక్కటే రేటు అడుగు.

నీడున్నది ఛాయా సోమేశ్వరంల. పొలాల నడుమ మూడు గర్భగుళ్ల గుడి, నడిమిట్ల మండపం. శివుని గర్భగుడిల లింగం ఎనక గోడ మీద నిలువుగ ఓ స్తంభం నీడ ఉంటది. పొద్దున పో, మిట్టమధ్యాన్నం పో, పొద్దుగూకే ముందు పో, సూర్యుడు తిరుగుతడు గని నీడ జరగది. నువ్వు పోయి స్తంభానికి గోడకు నడుమ చెయ్యి పెట్టి చూస్తవ్ చూడు, అందరూ అదే చేస్తరు, ఏ స్తంభందో పట్టుకోనీకి తిప్పలు పడతరు. ఒక్కదానిది గాదట, ఇటు నుంచి అటు నుంచి వచ్చే వెలుగుకు స్తంభాలు అడ్డం పడి ఆ నీడలన్నీ కలిసి ఒక్క కాడనే పడేటట్టు కట్టిండ్రట. నేను పదిసార్లన్న చూసిన, పదిసార్లూ చెయ్యి అడ్డం పెట్టిన. ఎండ బాగున్న రోజు పో, ఫోన్ టార్చి మాత్రం ఎయ్యకు, నీడ మాయమైతది.

పచ్చల సోమేశ్వరంల చెక్కడాలు ఎక్కువ, గోడల మీద రామాయణ భారత కథలు చూసుకుంట పోవచ్చు, పక్కనే మ్యూజియం. గుళ్లంటే నీకంత ఇది లేదు కాబట్టి అరగంట చాలు. సాయంత్రం ఉదయసముద్రం కట్ట మీదికి పో, ఉదయ చోళుడు తవ్వించిన చెరువని ఆ పేరు, ఇప్పుడు కృష్ణ నీళ్లొచ్చే 1.5 టీఎంసీల రిజర్వాయరు. గాలి కమ్మగ తగుల్తది, నేను పరీక్షలు పోయినప్పుడల్లా అక్కడనే కూసుంటుండె.

పెండ్లికొచ్చినోళ్లు ఎవరన్న పిల్లలమర్రి పోదాం రా అంటే నవ్వకు, మీ పాలమూరోళ్లకది మర్రిచెట్టు, అక్కడోళ్లకు సూర్యాపేట కాడ కాకతీయుల గుళ్లున్న ఊరు. నల్లగొండల ఉన్న లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కాలనుకుంటే మాత్రం తెల్లారకముందే ఎక్కు, ఎండెక్కినంక నీతోని గాదు.

ఒక్కటి మాత్రం జెప్త, పెండ్లి ముందటి రాత్రి టీవీల సాగర్ గేట్లెత్తిండ్రని వచ్చిందనుకో, ఇదంత మర్చిపోయి పొద్దుగాల మొదటి బస్సెక్కు, నాకో వీడియో పంపు.