48 లైటు చూసి మోసపోకండి, ఆ మనిషి దగ్గర ఇంటర్‌ఫేస్ కొనకండి

ఎవరి గురించి చెబుతున్నానో సెకండ్ హ్యాండ్ రికార్డింగ్ సామాను చూసేవాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది. "స్టూడియో అప్‌గ్రేడ్ చేస్తున్నా, మనసొప్పకపోయినా అమ్మేస్తున్నా" అని నెలకో ప్రకటన పెట్టే పెద్దమనిషే. నెలనెలా అప్‌గ్రేడ్ అయ్యే స్టూడియో ఏంటని నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. ఈ రోజు మళ్లీ ఇంకో ప్రకటన పెట్టాడు, అందుకే కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

కథంతా అక్కర్లేదు. ఇంట్లోనే నా పాటలు నేను రికార్డు చేసుకుందామని ముందు కండెన్సర్ మైక్ కొన్నాను. దాంతోనే చేతిలో ఉన్నది చాలావరకు ఖాళీ. మిగిలినదానికి ఈయన దగ్గర రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, అంటే మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా, దొరికింది. కండెన్సర్ మైక్ పనిచేయాలంటే ఈ డబ్బా నుంచే దానికి 48 వోల్టులు వెళ్లాలి, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. ఫొటోలో 48 వోల్టుల ఎర్ర లైటు నిగనిగలాడుతోంది. వీడియోలో ఆయనే రెండు లైన్లు పాడి వినిపించాడు. బాగానే ఉంది. డబ్బు పంపేశా.

పార్సిల్ వచ్చిన రాత్రే కూర్చున్నా. మైక్ పెట్టి, 48 నొక్కి, పాడాను. తెర మీద వేవ్‌ఫామ్ దారప్పోగులా సన్నగా ఒక గీత. గెయిన్ (మైక్ సౌండ్ పెంచే బటన్) మొత్తం తిప్పేస్తే నా గొంతు నాలుగిళ్ల అవతల ఎవరో పాడుతున్నట్టు వినిపించింది, దాని మీద సుయ్‌మని ఒకటే హోరు. ఇక నేను చేసిన ఘనకార్యాలు వినండి. కేబుల్ మార్చాను. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. బఫర్ 128 నుంచి 512కి పెంచాను, బఫర్‌కీ సౌండ్ చిన్నగా రావడానికీ సంబంధం లేదని తెలిసి కూడా. ఆఖరికి కిటికీలకి దుప్పట్లు కట్టి, ఉక్కపోతలో చెమటలు కక్కుతూ తెల్లవారుజాము దాకా పాడాను. మర్నాడు అదే మైక్, అదే కేబుల్ తీసుకెళ్లి ఫ్రెండ్ ఇంటర్‌ఫేస్‌కి పెడితే, గెయిన్ సగం కూడా పెట్టకుండానే ఊపిరి తీసుకోవడం సహా వినిపించింది.

సరే, ఆయనకి ఫోన్ చేశా. మర్యాదగానే మాట్లాడాను, అదే నా తప్పేమో.

"48 లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోందండీ."

"మరింకేం బ్రదర్, పవర్ వస్తున్నట్టేగా."

"కానీ ఇదే మైక్ వేరే ఇంటర్‌ఫేస్‌లో బాగా పనిచేస్తోందండీ."

నవ్వాడు. తాపీగా, పక్కన ఎవరికో వినిపించేలా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే. ముందు కొన్నాళ్లు గొంతు సాధన చెయ్యి, గెయిన్ దానంతటదే వస్తుంది" అని పెట్టేశాడు.

నా పాట ఆయన ఒక్కసారి కూడా వినలేదు. పోయిన డబ్బు కంటే ఆ నవ్వే ఇంకా చెవిలో మోగుతోంది. అంతకన్నా సిగ్గుచేటు ఏంటంటే, ఆ మాట నేను నమ్మాను. ఫోన్ పెట్టేసి, వెళ్లి, మైక్ ముందు నిలబడి, ఇంకాస్త గట్టిగా పాడి చూశాను. ఫ్రెండ్ ఇంట్లో పొద్దున్నే తేడా విన్నవాణ్ని!

సాయంత్రానికి బుర్ర పనిచేసి మల్టీమీటర్ తీశా. కేబుల్‌లో మైక్‌కి తగిలించే కొసన మూడు రంధ్రాలుంటాయి, పక్కన 1, 2, 3 అని కంటికి ఆనని అంకెలు. డీసీ వోల్టుల మీద పెట్టి, 1కీ 2కీ మధ్య ఒకసారి, 1కీ 3కీ మధ్య ఒకసారి చూడాలి. రెండు చోట్లా 48 రావాలి, నాలుగు అటూ ఇటూ అయినా పరవాలేదు. నాకు వచ్చింది 9. రెండో ఇన్‌పుట్‌లోనూ అంతే. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులని లోపల ఒక సర్క్యూట్ 48కి పెంచాలి, అది పోయింది. లైటుకి మాత్రం ఏ రోగమూ లేదు, భేషుగ్గా వెలుగుతుంది. అంటే మద్దెల నిజంగానే ఓడు సార్.

అప్పుడు ఆయన వీడియో మళ్లీ పెట్టి చూశా, ఈసారి ఆపి ఆపి. చేతిలో ఉన్నది ఐస్‌క్రీం కోన్‌లా గుండ్రటి జాలీ ఉన్న డైనమిక్ మైక్. దానికి ఫాంటమ్ పవర్ అక్కర్లేదు, 48 చచ్చిపోయినా మామూలుగానే పనిచేస్తుంది. వీడియోలో 48 లైటు ఆర్పే ఉంది కూడా! లైటు చూపించడానికి ఫొటో, సౌండ్ వినిపించడానికి వేరే మైక్‌తో వీడియో. రెండూ ఒక్కచోట ఎక్కడా లేవు. కొనేముందు ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కానీ నేను చూసింది డబ్బా మీద గీతలున్నాయా లేవా అని. నాకలాగే కావాలి.

మీటర్ ఫొటో పంపించా. చూశాడు, జవాబు లేదు, బ్లాక్ చేశాడు. ఇంటర్‌ఫేస్‌తోపాటు వచ్చే ఉచిత ప్లగిన్లు (రికార్డింగ్‌కి వాడే చిన్న సాఫ్ట్‌వేర్లు) కూడా ఆయన ముందే తన పేరు మీద రిజిస్టర్ చేసేసుకున్నాడని తర్వాత తెలిసింది. సరేలే, అది చిన్న విషయం.

ఎవరి దగ్గర కొన్నా కండెన్సర్ మైక్ పెట్టి, 48 వేసి, ఆపి, మళ్లీ వేసి, ఒకే షాట్‌లో వీడియో తీసి పంపమనండి. రెండు ఇన్‌పుట్లకీ విడివిడిగా. "నా దగ్గర కండెన్సర్ లేదు" అంటే మీటర్ రీడింగ్ అడగండి. నసిగితే వదిలేయండి. వెళ్లి చూసి తెచ్చుకునే వీలుంటే మీ మైక్ మీరే పట్టుకెళ్లండి.

ఆ సర్క్యూట్ బాగుచేయడం తెలిసినవాళ్లుంటే చెప్పండి, లేదంటే విడిగా ఫాంటమ్ పవర్ డబ్బా కొనుక్కోవాలి. ప్రస్తుతానికి దానికి గిటార్ తగిలించి వాయించుకుంటున్నా, దానికి 48తో పనిలేదు కాబట్టి.