మూస్ హైడ్ పిన్ను: చొక్కాకు గుచ్చుకునే ముందు

తపాలా బిళ్ళంత తోలు ముక్క, దానికో పిన్ను, రెండూ తగిలించిన చిన్న అట్ట. వస్తువు ఇంతే. కెనడాలో స్త్రీలు, పిల్లల మీద హింసను ఆపాలని నడిచే మూస్ హైడ్ (మూస్ తోలు) క్యాంపెయిన్ వాళ్లు దీన్ని ఉచితంగానే పంపుతారు. తోలు వద్దనేవాళ్లకు తోలు లేని రకమూ ఉంది.

2011లో కెనడా పశ్చిమాన ఉన్న బ్రిటిష్ కొలంబియాలో క్యారియర్ అనే ఆదివాసీ జాతికి చెందిన పాల్ లాసర్ట్, ఆయన కూతురు రేవన్ వేటకెళ్లి ఒక మూస్‌ని, అంటే అక్కడి పెద్ద దుప్పిని, కొట్టారు. దగ్గర్లోనే 16వ నంబరు హైవే. ప్రిన్స్ జార్జ్ నుంచి ప్రిన్స్ రూపర్ట్ దాకా సుమారు 720 కిలోమీటర్ల ఆ దారికి 'కన్నీళ్ల రహదారి' అని పేరు. దశాబ్దాలుగా ఎందరో ఆదివాసీ స్త్రీలు, ఆడపిల్లలు అక్కడ కనిపించకుండా పోయారు, హత్యకు గురయ్యారు. ఆ మూస్ తోలునే ముక్కలుగా కోసి మగవాళ్లకు పంచుదామన్న ఆలోచన ఆ తండ్రీకూతుళ్లది.

అట్ట మీద ఉన్నది ఒక మాట ఇవ్వడం: నా చుట్టూ ఉన్న స్త్రీలను, పిల్లలను గౌరవిస్తాను, కాపాడతాను, హింసను ఆపడానికి నలుగురితో కలిసి పనిచేస్తాను. పిన్ను పనితనమంతా ఇక్కడే ఉంది. ఎవరో ఒకరు "ఏంటది?" అని అడుగుతారు. రెండు వాక్యాల్లో జవాబు రాకపోతే పెట్టుకున్నా లాభం లేదు. ఆఫీసుల్లో జరిగే పెద్ద తప్పు కూడా ఇదే: రిసెప్షన్ బల్ల మీద గిన్నెలో పోసి 'తీసుకోండి' అని వదిలేయడం. పదిహేను నిమిషాలు అందరినీ కూర్చోబెట్టి, అట్ట పైకి చదివించి, అప్పుడు చేతికివ్వండి. అట్ట పారేయనివ్వకండి.

ఇంకో సంగతి, అన్నిటికన్నా ముఖ్యమైనది. పిన్ను చూసి ఎవరైనా తన మీద జరిగిన హింస గురించి నోరు విప్పవచ్చు. అప్పుడు వినాలి. 'ఎందుకు ఊరుకున్నావ్' అనకూడదు, వివరాలు గుచ్చి గుచ్చి అడగకూడదు, ఆమె ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పకూడదు. బ్రిటిష్ కొలంబియాలో విక్టిమ్‌లింక్ బీసీ, దేశమంతటా ఆదివాసీల కోసం హోప్ ఫర్ వెల్‌నెస్ అనే సహాయ ఫోన్ లైన్లు 24 గంటలూ పలుకుతాయి. ఆ నంబర్లు అట్ట వెనక రాసుకోండి. ఇంట్లో చెయ్యి చేసుకునేవాడు పిన్ను పెట్టుకుని తిరిగితే అది అతనికి ముసుగవుతుంది. పిన్ను చూసి మనిషిని నమ్మేయకండి.

మే నెలలో క్యాంపెయిన్ దినం నాడు తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఉపవాసం ఉంటారు. బ్రిటిష్ కొలంబియా రాజధాని విక్టోరియాలో మే నడిమికి పగలు 15 గంటలు దాటుతుంది, తేలిక కాదు. చాలామందిని పడేసేది ఆకలి కన్నా కాఫీ మానడం వల్ల వచ్చే తలనొప్పి. వారం ముందు నుంచే కప్పులు తగ్గించుకుంటూ రండి. సాయంత్రం పలుచటి సూపుతో విరమించండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భిణులు, బాలింతలు, తిండి విషయంలో మానసికంగా నలిగినవాళ్లు దీని జోలికి పోవద్దు. వాళ్లు పిన్ను పెట్టుకుని ఆ సంభాషణల్లో పాల్గొంటే చాలు.

వాడకంలో చిన్న చిక్కులు రెండు. రోజూ ఒకే రంధ్రంలో గుచ్చితే తోలు సాగి ముక్క జారిపోతుంది; చోటు మార్చండి. చొక్కా ఉతికే ముందు తీసేయండి. తోలు తడిస్తే బిరుసెక్కవచ్చు. పొయ్యి దగ్గర పెట్టకుండా నీడలో ఆరనిచ్చి వేళ్లతో నలపండి.

వందల్లో కావాలంటే మార్చిలోనే అడగండి. పంచే ముందు మాట్లాడుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.