మొండి పిల్లికి 60 రూపాయల క్లిక్కర్: ఐదు నెలలు వాడాక చెబుతున్నా

ముందు అసలు విషయం చెప్పేస్తాను, ఓపికున్నవాళ్ళు మిగతాది చదవండి. పిల్లికి ట్రైనింగ్ ఇవ్వడానికి క్లిక్కర్ (నొక్కితే 'టిక్' అనే చిన్న పరికరం) పనికొస్తుందా అంటే పనికొస్తుంది, మా ఇంట్లో ఐదు నెలలుగా రోజూ వాడుతున్నాం. కానీ దాన్ని కొని, పిల్లి ముందు నాలుగు సార్లు నొక్కి, ఏమీ జరగలేదని మూలన పడేసేవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని చూశాను. మొదటి రెండు వారాలు మా పరిస్థితీ అదే. ఆ రెండు వారాల్లో మేం ఎక్కడ తప్పు చేశామో చెబితే ఇంకొకరికి ఆ టైమ్ కలిసొస్తుందని రాస్తున్నాను.

మా పిల్లి పేరు బెల్లం. రంగు చూసి మా పాప పెట్టిన పేరు. మేముండేది తిరుపతిలో, కొర్లగుంట వైపు. పోయిన ఏడాది నవంబరు వానల్లో మెట్ల కింద అరచేతిలో పట్టేంత పిల్లగా దొరికాడు, ఇప్పుడు మంచానికి అడ్డంగా పడుకుంటే మాకు చోటు చాలదు. తెలివి గురించి ఒక్కటి చెబుతాను. మా వంటింటికి దోమల జాలి తలుపుంది, దానికి కింద వైపు ఒక చిన్న గడియ. వాడు నాలుగైదు రోజులు ఆ తలుపు ముందు కూర్చుని నా చేతినే చూసేవాడు. ఒకరోజు వెనక కాళ్ళ మీద లేచి, ముందు కాలు పంజా గడియ కింద పెట్టి పైకెత్తాడు, రాలేదు, ఒళ్ళంతా తలుపుకి ఆనించి మళ్ళీ ఎత్తాడు, వచ్చింది. ఆ తర్వాత వాడికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. 1898లోనే అమెరికాలో థార్న్‌డైక్ అనే శాస్త్రవేత్త ఆకలితో ఉన్న పిల్లుల్ని చెక్కపెట్టెల్లో పెట్టి, అవి గడియ తీసుకుని బయటున్న తిండి దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టాడు. పెట్టిన కొద్దీ ఆ టైమ్ తగ్గుతూ వచ్చింది. లాభం కనిపించిన పనిని జంతువు మళ్ళీ చేస్తుందని ఆయన చెప్పింది మా వంటింటి తలుపు దగ్గర కళ్ళారా చూశాను.

ఇంత తెలివున్నవాడు మన మాట మాత్రం వినడు. "బెల్లం" అని పిలిస్తే వీపు మనవైపు పెట్టి కూర్చునే ఉంటాడు, ఒక చెవి మాత్రం వెనక్కి తిరుగుతుంది, తోక కొస కొంచెం ఆడుతుంది. అంటే వినపడింది. పిల్లులు తమ పేరుని వేరే మాటల నుంచి గుర్తుపడతాయని జపాన్‌లో పరిశోధకులు 2019లో ప్రచురించారు కూడా. కాబట్టి అర్థం కాక కాదు, వచ్చి తీరాల్సిన అవసరం వాడికి కనపడక.

మాకు పెద్ద టెన్షన్ ఏమిటంటే స్టవ్ ఉన్న గట్టు. పాలు కాగుతుంటే ఎక్కేస్తాడు. ఒకసారి మీసాలు ఒక పక్క కమిలాయి, ఆ రోజు నాకు చేతులు వణికాయి. అప్పుడే ఇంటికొచ్చి జంతువులకి ట్రైనింగ్ ఇచ్చే ఒకతన్ని పిలిచాం, మూడు రోజులకి 1500 తీసుకున్నాడు. పేరు చెప్పను, మనిషి మర్యాదగానే ఉన్నాడు, కానీ పద్ధతి మాత్రం వద్దు. కుక్కల మీద అలవాటైన చెయ్యి, పిల్లి గట్టెక్కగానే మొహం మీద నీళ్ళ స్ప్రే కొట్టమన్నాడు. కొట్టాం. దిగాడు. మేం హాల్లోకి రాగానే మళ్ళీ ఎక్కాడు. మూడో రోజుకి వాడు నేర్చుకున్నది ఒక్కటే, గట్టు తప్పు కాదు, మేం ఉన్నప్పుడు గట్టు తప్పు అని. పైగా ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా నేను చేతిలో పట్టుకున్నా చాలు, మంచం కిందికి దూరేవాడు, పాప దగ్గరికి కూడా రెండు రోజులు రాలేదు. ఆ 1500 పోయినందుకు కాదు, వాడు నన్ను చూసి భయపడినందుకు బాధేసింది.

తర్వాత ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక పెట్ షాపులో ఈ క్లిక్కర్ తెచ్చాను, 60 రూపాయలు. చూడ్డానికి బైక్ తాళంచెవికి వేలాడే రిమోట్ అంత ఉంటుంది, లోపల చిన్న స్టీలు రేకు, నొక్కితే 'టిక్' అంటుంది, బ్యాటరీ ఏమీ లేదు. పని చేసే విధానం చాలా సింపుల్. టిక్ అన్న ప్రతిసారీ వెంటనే ఒక చిన్న తిండి ముక్క పెట్టాలి. కొన్ని రోజులకి ఆ శబ్దం వినగానే 'ఇప్పుడు చేసిన పనికే ముక్క వస్తోంది' అని జంతువుకి తెలిసిపోతుంది. అప్పుడు మనకి కావాల్సిన పని చేసిన ఆ క్షణంలో టిక్ అంటే చాలు, ముక్క ఒక సెకను ఆలస్యమైనా ఫర్వాలేదు. 1940ల్లోనే అమెరికాలో జంతువులకి ట్రైనింగ్ ఇచ్చే బ్రెలాండ్ దంపతులు దీన్ని వాడారు, తర్వాత డాల్ఫిన్లకి విజిల్‌తో ఇదే పద్ధతిలో నేర్పారు. తాడు కట్టి లాగలేని, కొట్టలేని జంతువుకి నేర్పడానికి కుదిరిన పద్ధతి పిల్లికి కుదరకుండా ఎందుకు పోతుంది?

ఇక మా తప్పులు. మొదటిది శబ్దం. కీచు శబ్దాల్లో మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాకా వింటే పిల్లి చెవి 60 దాటి వింటుంది, మనకి చిన్నగా అనిపించే టిక్కు వాడికి చెవి పక్కన పటాకు పేలినట్టుంటుందేమో, మొదటి రోజు ఉలిక్కిపడి సోఫా వెనక్కి పోయాడు. పాత కాటన్ చీర ముక్క రెండు మడతలు చుట్టి జేబులో పెట్టి నొక్కాం, అప్పుడు కుదుటపడ్డాడు. ఈ ఒక్క విషయం షాపువాళ్ళు చెప్పి ఉంటే మాకు వారం మిగిలేది.

రెండోది టైమింగ్. వంటింట్లో గట్టు బదులు స్టూలు ఎక్కడం నేర్పుతున్నాం, ఎక్కగానే టిక్ అనాల్సింది పోయి, ఎక్కి, అటూ ఇటూ చూసి, దిగబోతుంటే అనేదాన్ని. అంటే నేను నేర్పింది దిగడం! ఇది పాప కనిపెట్టింది, "అమ్మా, నువ్వు లేటుగా నొక్కుతున్నావు" అని. పిల్లి లేకుండా మేమిద్దరం ప్రాక్టీసు చేశాం, ఒకరు రబ్బరు బంతి వదిలితే అది నేలకి తగిలిన క్షణంలోనే ఇంకొకరు నొక్కాలి. మూడు రోజులు సాయంత్రం పది నిమిషాలు. ఏడో తరగతి పిల్ల నాకంటే ముందు నేర్చుకుంది, అప్పట్నుంచి నొక్కే పని పాపదే, ముక్క పెట్టేది నేను.

మూడోది ముక్క. పిల్లికి తీపి రుచి తెలియదు, ఆ రుచి తెలిసే జన్యువే దానికి పని చెయ్యదు, కాబట్టి బిస్కెట్ ముక్కలు, జామూన్ ముక్కలు పెట్టి 'మా పిల్లికి ఇష్టం లేదు' అనడంలో అర్థం లేదు. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చికెన్, కందిపప్పు గింజంత ముక్కలు, అంతకంటే పెద్దవి అక్కర్లేదు. కూరలోంచి తీసి కడిగి పెట్టడం కూడా వద్దు, ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లికి విషం. ఎండు నెత్తళ్ళ వాసనకి ప్రాణం పెడతాడు కానీ అందులో ఉప్పెక్కువ, అందుకే మానేశాం. భోజనానికి ముందు ఆకలి మీద ఉన్నప్పుడు మూడు నాలుగు నిమిషాలే చెయ్యాలి, వాడు లేచి పోకముందే మనమే ఆపాలి.

ఇక్కడ శనివారం సమస్య వచ్చింది. మా ఇంట్లో శనివారం నీసు గడప దాటి లోపలికి రాదు, అత్త ఆ విషయంలో చాలా గట్టి. షాపులో దొరికే, పిల్లులు తినే పేస్టు ట్యూబు తెస్తే దాని మీద చేప బొమ్మ చూసి, "ఇదీ నీసే కదమ్మా, కావాలంటే వాకిట్లో పెట్టుకో" అన్నారు. సరే అని శనివారాలు వరండాలో మొదలుపెట్టాం. విచిత్రం ఏమిటంటే వంటింట్లో బ్రహ్మాండంగా చేసే పని వరండాలో ఒక్కటీ చెయ్యలేదు, కొత్తగా వచ్చినట్టు చూశాడు. పిల్లి ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి దానంతట అదే తీసుకుపోదట, ప్రతి కొత్త చోటా కొంచెం వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాలి. అలా రెండు మూడు శనివారాలు చేశాక హాల్లో, మిద్దె మీద, ఎక్కడైనా చెయ్యడం మొదలుపెట్టాడు. అత్త పట్టుదల వల్లే మాకది తెలిసింది, ఆ మాట ఆవిడకీ చెప్పాను.

గట్టు సంగతికి వస్తాను. 'ఎక్కొద్దు' అని పిల్లికి నేర్పలేం. బదులుగా ఏం చెయ్యాలో నేర్పాలి. గట్టు పక్కనే అంతే ఎత్తున్న చెక్క స్టూలు వేశాం, ఎందుకంటే వాడికి కావాల్సింది పాలు కాదు, పైనుంచి నేనేం చేస్తున్నానో చూడటం, అది అర్థం కావడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది. స్టూలు మీద కాలు పెడితే టిక్, పూర్తిగా ఎక్కితే టిక్, కూర్చుంటే టిక్, తర్వాత ఐదు లెక్కపెట్టేదాకా కూర్చుంటేనే టిక్, పదికి, ముప్పైకి. గట్టెక్కితే మాటా లేదు, తిట్టూ లేదు, చూపూ లేదు, ఎత్తి కింద పెట్టడమే. మధ్యలో ఒక వారం పూర్తిగా మొరాయించాడు, స్టూలు ఎక్కి నన్ను చూసి 'మియావ్' అని దిగేవాడు, అప్పుడు లెక్క పదికి తగ్గించి మళ్ళీ పైకి వచ్చాం. ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు నేను అగ్గిపెట్టె తీస్తే చాలు, వచ్చి స్టూలెక్కి, ముందు కాళ్ళు రెండూ దగ్గరికి పెట్టుకుని, తోక వాటి చుట్టూ చుట్టుకుని కూర్చుంటాడు. ఉప్మా పోపు చిటపటలాడుతుంటే కళ్ళు చికిలించి చూస్తాడు. అది చూస్తే నాకెంత సంతోషమో మాటల్లో చెప్పలేను.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే ప్లాస్టిక్ బుట్ట ఇంకో కథ. మొదటిసారి రేబిస్ టీకాకి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు (మన ఊళ్ళో 1955 నుంచి ఆ కాలేజీ ఉండటం మన అదృష్టం) ఇద్దరం పట్టి కుక్కాల్సి వచ్చింది, నా మోచెయ్యంతా గీతలు. ఈసారి నెల ముందే బుట్ట తలుపు ఊడదీసి హాల్లో పెట్టేశాం, లోపల నా పాత చున్నీ. తల పెడితే టిక్, రెండు కాళ్ళు పెడితే టిక్. తలుపు బిగించాక మొదట రెండు సెకన్లే మూశాం. బూస్టర్ రోజు పాప బుట్ట చూపించి "లోపలికి" అంటే నడుచుకుంటూ వెళ్ళి తిరిగి కూర్చున్నాడు. ఆటోలో అలిపిరి రోడ్డు గతుకుల్లో అరిచాడు, నిజమే, కానీ గీత ఒక్కటి లేదు.

ఒక మాట, ట్రైనింగ్ కంటే ముందు ఒకసారి డాక్టరుకి చూపించండి. ఇసుక డబ్బా వదిలి బయట పోసే పిల్లి మొండిది కాకపోవచ్చు, దానికి నొప్పి ఉండొచ్చు. ముఖ్యంగా మగపిల్లి ముక్కుతూ కూర్చుని మూత్రం రాకపోతే అది ఆ రోజే పరిగెత్తాల్సిన విషయం, క్లిక్కర్లూ చికెన్లూ తర్వాత.

సోఫా గీకడానికి క్లిక్కర్ పెద్దగా అవసరం రాలేదు. గీకడం వాడికి గోళ్ళ పై పొర రాలడానికి, ఒళ్ళు విరవడానికి, తన వాసన పెట్టడానికి. మానిపించలేం. షాపులో 850 పెట్టి కొన్న స్తంభం పొట్టిది, పైగా ఊగుతుంది, వాడు దాని మొహం కూడా చూడలేదు, అది మాత్రం కొనొద్దు. పాత బల్ల కాలుకి కొబ్బరి తాడు వాడు పూర్తిగా నిలబడి చాచేంత ఎత్తు గట్టిగా చుట్టి సోఫా పక్కనే పెట్టాం, నాలుగు రోజుల్లో అటే పోయాడు.

క్లిక్కర్ ఏమీ చెయ్యలేకపోయింది తెల్లారి నాలుగున్నరకి తలుపు గీకడం. ఆ వేళకి పిల్లులకి ఒళ్ళు చురుగ్గా ఉంటుంది, పొద్దున, సాయంత్రం వాటి వేటకి టైమ్. మేం లేచి తిడుతూ గిన్నెలో తిండి వేసేవాళ్ళం, అంటే గీకితే తిండి వస్తుందని మేమే నేర్పాం. ఇప్పుడు రాత్రి పదికి తాడుకి ఈక కట్టి పావుగంట అలిసిపోయేదాకా ఆడించి, ఆ తర్వాత పెద్ద భోజనం పెడుతున్నాం, గీకినా లేవడం లేదు. మొదటి పది రోజులు గీకుడు ఇంకా పెరిగింది, అత్తకి నిద్ర లేదు, నాకూ లేదు. ఇప్పుడు ఐదున్నర దాకా పడుకుంటున్నాడు, వారంలో ఒకటి రెండు రోజులు తప్ప.

కొనేవాళ్ళకి చివరిగా. షాపుల్లో రెండు రకాలున్నాయి. పెట్టెలా పలకగా ఉండేది శబ్దం ఎక్కువ, అది పిల్లికి వద్దు. గుండ్రటి బటన్ ఉన్నది తీసుకోండి, వేలికి తగిలించుకునే రింగు ఉంటే ఇంకా మంచిది, ఆ చేత్తోనే ముక్క పట్టుకోవచ్చు. నీళ్ళు తగిలితే లోపల రేకు తుప్పు పడుతుంది, మా మొదటిది బకెట్లో పడి వారానికి మూగబోయింది, అప్పుడు బాల్‌పెన్ను బటన్ నొక్కితే దానికే బెల్లం పరిగెత్తుకుంటూ వచ్చాడు. అందుకే పాప హోంవర్కు రాసేటప్పుడు ఇప్పుడు మూత పెన్నే వాడుతోంది.