హోమై వ్యారావాలా వాడిన రెండు కెమెరాలు: చెన్నైలో మనకేది నయం?

మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమై వ్యారావాలా (1913–2012) స్పీడ్ గ్రాఫిక్, రోలీఫ్లెక్స్ రెండూ వాడారు. చెన్నైలో ఫిల్మ్ నేర్చుకునే తెలుగువాళ్ళు దేనితో మొదలుపెట్టాలి?

స్పీడ్ గ్రాఫిక్‌కు 4×5 అంగుళాల ఫిల్మ్ షీట్లు. వాటిని పెట్టే ఒక్కో హోల్డర్‌లో రెండే, అటొకటి ఇటొకటి. షీట్‌కు వెలుతురు తగలకుండా అడ్డుండే పలక, డార్క్ స్లైడ్, తీయడం మరిస్తే షీట్ ఖాళీ. హోల్డర్ తిప్పడం మరిస్తే బొమ్మ మీద బొమ్మ. ఆనాటి ఫ్లాష్ బల్బు ఒక్క ఫొటోకే సరి, వెంటనే కొత్తది బిగించాలి. నాయకులు కదిలిపోతుంటే హోమై ఇదంతా చేయాల్సి వచ్చేది, అదీ చీరకట్టులో!

రోలీఫ్లెక్స్‌లో 120 రకం ఫిల్మ్ రోల్‌కు 12 ఫ్రేములు. పైనుంచి అద్దంలో చూస్తాం గనుక కుడిఎడమలు తారుమారవుతాయి. ఆ తడబాటు నాలుగు రోల్స్‌లో పోతుంది.

అసలు తంటా డెవలపింగ్‌లో. ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే ద్రావణం, డెవలపర్, 20 డిగ్రీలుండాలి, మే నెలలో చెన్నై కుళాయి నీళ్ళు 30 దాటుతాయి. సీసాలను ఐసు నీళ్ళ బకెట్‌లో నిలబెట్టండి, ఐసును మాత్రం డెవలపర్‌లో వేయకండి, పలచబడుతుంది. కడిగే నీళ్ళు వేడిగా ఉంటే ఫిల్మ్ మీది జెలటిన్ పూత మెత్తబడి గీతలు పడతాయి. రోల్‌ను చీకట్లోనే వెలుతురు చొరని ట్యాంకులో పెట్టి మూత వేశాక లైటు వేసుకోవచ్చు. షీట్లను ట్రేలో చేస్తే బొమ్మను నిలబెట్టే ద్రావణం, ఫిక్సర్‌లో పడేదాకా చీకట్లో ఉక్కపోత తప్పదు. రోలీఫ్లెక్సే తీసుకోండి.