విండీ యాప్: కడప వాన నుంచి బఫెలో మంచు దాకా, నాలుగేళ్లు వాడాక

2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. మా చిన్నాన్న వాళ్లది రాజంపేట దగ్గర పల్లె. ఫోన్ కలవడం లేదు. ఇంకా ఎంత వాన ఉందో, ఎప్పుడు తెరిపిస్తుందో తెలియక కడపలో కూర్చుని ఆ రాత్రి విండీ అనే వాతావరణ యాప్ వేసుకున్నాను. మళ్లీ తీసేయలేదు.

చెక్ దేశానికి చెందిన ఇవో లుకాచోవిచ్ 2014లో దీన్ని మొదలుపెట్టాడు. యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్, అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ లాంటి మోడళ్లు, అంటే వాతావరణాన్ని ముందే లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు, వేసిన లెక్కల్ని ఇది మ్యాపు మీద గాలి గీతలుగా, రంగులుగా చూపిస్తుంది. కింద మోడల్ పేరు నొక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి మారొచ్చు. నా మటుకు యాప్ మొత్తంలో విలువైనది ఆ చిన్న మీటే. ఆ సంగతి 2022 డిసెంబరులో తెలిసింది.

మా పాప అప్పుడు అమెరికాలో బఫెలోలో ఎంఎస్ చదువుతోంది. క్రిస్మస్‌కు వారం ముందు నుంచే రెండు మోడళ్లూ అక్కడి పెద్ద సరస్సులు గ్రేట్ లేక్స్ వైపు గట్టి అల్పపీడనాన్ని చూపించసాగాయి. 24 గంటల్లో గాలి పీడనం 24 మిల్లీబార్లు పడిపోయే రకం, బాంబ్ సైక్లోన్ అంటారు. నాకు టెన్షన్ మొదలైంది. ఒక నోటుబుక్ పెట్టుకున్నాను. తెల్లవారి అయిదున్నర నాటి పరిశీలనలతో నడిచే జీఎఫ్ఎస్ లెక్క మనకు టిఫిన్ వేళ దాటాక వస్తుంది, యూరప్ వాళ్లది మధ్యాహ్నం భోజనాల వేళకి. సాయంత్రం లెక్కలైతే ఒకటి రాత్రి పది ప్రాంతంలో, ఇంకోటి అర్ధరాత్రి దాటాక. వచ్చిన ప్రతిసారీ బఫెలో మీద గాలి ఎంత, మంచు ఎంత అని రాసుకున్నాను. ఒక్క లెక్క చూస్తే ఏమీ తెలియదు. నాలుగైదు వరుసగా రాసుకుంటేనే ఏది నిలకడగా ఉంది, ఏది ఊగుతోంది అన్నది కనిపిస్తుంది. మంచు అంకె ఊగుతూనే ఉంది. గాలి మాత్రం ప్రతి లెక్కలోనూ ముదురు రంగే, అంటే గట్టి గాలే.

నేనేమో మంచు అంకె పట్టుకునే కూర్చున్నాను. పాపకు ఫోన్ చేస్తే, "నాన్నా, ఇక్కడ మంచు మామూలే, ఊరికే భయపడొద్దు" అంది. అసలు ప్రమాదం గాలిలో ఉందని మా ఇద్దరికీ తట్టలేదు. అమెరికా వాతావరణ శాఖ లెక్కలో బ్లిజార్డ్ (మంచు తుపాను) అంటే గంటకు 56 కిలోమీటర్లకు తగ్గని గాలి, పావు మైలుకు మించి కనిపించని చూపు, అదీ కనీసం మూడు గంటలు. మంచు ఎన్ని అంగుళాలన్నది అందులో లేనే లేదు. ఆ నిర్వచనం చదివాక మళ్లీ ఫోన్ చేసి, బియ్యం, పాలు, మందులు, చార్జింగ్ అన్నీ ముందే చూసుకోమని పట్టుబట్టాను.

23న అక్కడ వాన మంచుగా మారింది. పొద్దున తొమ్మిదిన్నరకు కౌంటీలో (మన జిల్లా లాంటిది) బండ్లు తిరగకూడదన్నారు, మనకు రాత్రి ఎనిమిది. ఎరీ సరస్సు దాదాపు 390 కిలోమీటర్ల పొడుగు, బఫెలో దాని తూర్పు కొసన ఉంది. పడమటి నుంచి వచ్చే గడ్డకట్టే గాలి ఆ పొడుగునా వెచ్చటి నీటి తేమను మోసుకొచ్చి ఊరి మీద కుమ్మరిస్తుంది. విండీలో గాలి గీతలు సరస్సు వెంబడే సాగి ఊరి మీదికి వస్తుంటే, చదివి అర్థం కానిది చూసి అర్థమైంది. యాప్‌లోనే ఉండే వెబ్‌క్యామ్ తెరిస్తే తెర అంతా తెలుపే. వీధి లేదు, దీపం లేదు. అంకెలన్నిటికంటే ఆ తెల్ల తెరే నన్ను ఎక్కువ భయపెట్టింది.

విమానాశ్రయం దగ్గర బ్లిజార్డ్ 37 గంటలు ఆగకుండా సాగింది. మొత్తం దాదాపు 52 అంగుళాల మంచు, అంటే ఛాతీ లోతు. ఆ ఒక్క కౌంటీలోనే 40 మందికి పైగా చనిపోయారు, కొందరు కార్లలోనే. పాప గడప దాటలేదు.

ఇక మన ఊరి సంగతి. బంగాళాఖాతంలో వాయుగుండం కదలికకు విండీ బాగా పనికొస్తుంది. మే నెలలో సాయంత్రం పట్టే ఉరుముల వానకు మాత్రం దీన్ని నమ్మి బట్టలు ఆరేయకండి. యూరప్ మోడల్ నేలను గడులుగా విడగొట్టి లెక్కవేస్తుంది, ఒక్కో గడి తొమ్మిది కిలోమీటర్లు. కడపలో కురిసి చెన్నూరులో చినుకు పడని వాన ఆ గడిలో ఎక్కడ పడుతుంది? ఇంకో మాట, తుపాను ఒక రోజు దూరంలోకి వచ్చాక నేను మోడళ్లు పక్కన పెట్టి వాతావరణ శాఖ బులెటిన్ చదువుతాను. బఫెలో అప్పుడూ అదే చేశాను, అక్కడి ఆఫీసు హెచ్చరిక ముందే స్పష్టంగా ఉంది.

జమ్మలమడుగులో మా బావ శనగకు మందు కొట్టే ముందు రోజు రాత్రి ఫోన్ చేసి అడిగేది ఒకటే, "రేపు పొద్దున గాలి ఎన్ని గంటలకు లేస్తుంది?" అని. విండీలో గంటల వారీ గాలి చూసి చెబుతాను. ఏడున్నర అంటే ఏడున్నర లోపే ముగించుకుని గట్టెక్కుతాడు.